గురువారం మళ్ళీ రండి

పరిపాలనా భవనం, రెండో అంతస్తు, మూలగది
జూన్ 12

మామయ్యా,

ఫోన్లో చెబితే నీకు సగం వినపడదు. వినపడని సగాన్ని నువ్వే కల్పించుకుని నాకు సలహాలిస్తావు. అందుకే కాగితం పట్టాను. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను, కళ్ళజోడు వెతుక్కోనక్కర్లేదు.

విషయం ఏమిటంటే, నీ పాత పని నా నెత్తికొచ్చింది. ఇక్కడ విద్యార్థులు తమ ప్రధాన సబ్జెక్టు కాక ఇంకో దాంట్లో ఐదు పేపర్లు చదివితే మైనర్, నాలుగు చదివితే సర్టిఫికెట్ ఇస్తారు కదా. ఎవరు ఏది కావాలన్నారు, ఎప్పుడన్నారు, ఎన్ని పేపర్లు పూర్తిచేశారు అన్నదంతా ఇకమీదట కంప్యూటర్లో నడవాలట. అది ఎలా నడవాలో ప్రణాళిక నన్ను రాయమన్నారు. మైనర్ల పని చూస్తున్నానని అమ్మతో అంటే, పిల్లల కోర్టుకు మార్చారా అని అడిగింది. నీ చెల్లెలే కదా మరి.

కమిటీలో ముగ్గురం. డీన్ గారు మాట్లాడతారు, కంప్యూటరాయన తల ఊపుతాడు, నేను రాస్తాను. కూర్చునేది నీ గదిలోనే. బీరువా మీద నీ ఫోటో ఇంకా ఉంది. కింద "ముప్పై ఒక్క ఏళ్ళు, ఒక్క కొట్టివేత లేదు" అని రాసిన అట్ట కూడా ఉంది. ప్రతివాణ్ణీ రెండుసార్లు తిప్పించుకునేవాడివని పిల్లలు పెట్టిన పేరు, అదే "మళ్ళీ రండి గారు", అది కూడా బతికే ఉంది. డీన్ గారు అదే పేరుతో నిన్ను తలుచుకుంటారు, గౌరవంగానే.

విద్యార్థులు వచ్చి నిలబడే నీ కిటికీ మాత్రం మూసేశారు. కార్డులు నేలమాళిగకు పోయాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ గదిలోకి ఎవరూ రారు. నిన్న ఒకాయన తలుపు తీశాడు, గది తప్పాడట, మళ్ళీ వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది. నవ్వకు.

నువ్వు ఈ పని ఎలా చేసేవాడివో మొదటినుంచీ రాయి. వచ్చే నెల తప్పకుండా వస్తాను.

నీ మేనకోడలు


వంతెన వీధి, పైగది
జూన్ 24

అమ్మడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి విషయం కోసం, రెండోసారి తప్పుల కోసం. మూడోసారి ఎందుకో తెలియదు.

నా పద్ధతి అడిగావు కాబట్టి చెబుతాను. ఒక్కొక్కరికీ ఒక కార్డు. విద్యార్థి కిటికీ దగ్గరికొచ్చి ఫలానా మైనర్ కావాలి అంటాడు. కార్డు తీసి పెన్సిల్‌తో రాస్తాను. "గురువారం మళ్ళీ రండి" అంటాను. గురువారం వస్తే లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, పెన్సిల్ రాత మీద ఇంకుతో దిద్ది, సంతకం తీసుకుంటాను. అప్పుడే అది ఖాయం. పిల్లల మనసు పూటకో రకం అమ్మడూ. సోమవారం సంగీతం అన్నవాడు గురువారానికి గణితం అంటాడు. ఇంకుతో రాస్తే కొట్టెయ్యాలి, పెన్సిలైతే రబ్బరు చాలు. నా కార్డుల్లో కొట్టివేత లేదంటే అందుకే లేదు.

రెండోసారి వచ్చినవాళ్ళు కబుర్లు చెప్పేవారు. ఒక అమ్మాయి నక్షత్రాల మీద నాలుగు పేపర్లు చదివింది. ఎందుకమ్మా అంటే, మేడ మీద పడుకుంటే నిద్ర పట్టదండీ, ఊరికే చూస్తూ ఉండే బదులు పేర్లు తెలుసుకుందామని, అంది. ఇవన్నీ మీ కంప్యూటర్లో ఏ గడిలో పెడతావు?

ఇక్కడ కొత్త ఏమీ లేదు. కింద పుస్తకాలు కుట్టే ఆయన దుకాణం మూసేశారు. ఆయన సూది లాగే చప్పుడు పొద్దున్నే వినపడేది, అంటే వినపడుతున్నట్టు ఉండేది. మెట్లు ఇరవై రెండు. రోజుకి ఒకసారే దిగుతున్నాను.

వచ్చే నెల అన్నావు. రెండో కుర్చీ మీద పుస్తకాలు తీసి కింద పెట్టాను.

మీ మామయ్య


మూలగది
ఆగస్టు 5

మామయ్యా,

జూలైలో రాలేకపోయాను. వారానికి మూడు మీటింగులు. ఎప్పటిలోగా అడగాలి, ఎవరు ఒప్పుకోవాలి, పేపర్లన్నీ పూర్తిచేసి అడగడం మరచిపోయినవాళ్ళకు మనమే ఇవ్వాలా వద్దా అని వాదన. ఇద్దామన్నాను. "అడగందే అమ్మయినా పెట్టదు" అన్నారు డీన్ గారు. కంప్యూటరాయన తల ఊపాడు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను, జాగ్రత్తగా చదువు.

రెండేళ్ళ కిందట కార్డులన్నీ యంత్రంలో పెట్టి బొమ్మలు తీశారు. ఆ బొమ్మల్లో రెండువందల పన్నెండు కార్డులు ఖాళీగా ఉన్నాయి. పైన పేరు ఉంది, కింద ఏమీ లేదు. ఏమీ అడగనివాళ్ళనుకుని పక్కన పెట్టారు. పోయినవారం ఒకావిడ దరఖాస్తు వచ్చింది. పందొమ్మిదేళ్ళ కిందటి విద్యార్థిని. మట్టీ నీళ్ళూ పరీక్షచేసే ల్యాబులో ఇన్నేళ్ళూ సహాయకురాలిగానే ఉంది. ఇప్పుడు ఆ ల్యాబు పెద్ద పోస్టు ఖాళీ అయింది. దానికి నీటి పరీక్షల సర్టిఫికెట్ ఉండాలి. నాలుగు పేపర్లూ చదివాను, కిటికీ దగ్గర అడిగాను, ఆయన రాసుకుని గురువారం రమ్మన్నారు, బుధవారమే ఉద్యోగంలో చేరమని కబురొస్తే ఊరు వదిలి వెళ్ళాను, అని రాసింది. కింద ఇంకో వాక్యం ఉంది. "సంతకం పెట్టలేదు కాబట్టి తప్పు నాదే అనుకుని ఇన్నాళ్ళూ అడగలేదు."

నేలమాళిగకు వెళ్ళి ఆవిడ కార్డు వెతికాను. పైకి తెచ్చి కిటికీ వెలుగులో కొంచెం వంచి చూస్తే కనిపించింది. నీ చేతిరాత, సన్నగా, పెన్సిల్‌తో. "నీటి పరీక్షల సర్టిఫికెట్. గురువారం." యంత్రానికి పెన్సిల్ కనపడలేదంతే. మిగతా రెండువందల పదకొండూ అలాంటివే.

పోస్టుకు గడువు సెప్టెంబరు ఇరవై. డీన్ గారు ఒకే మాట అడుగుతున్నారు, ఈ రెండోసారి రావడం అనేది ఏ నిబంధనలో ఉంది? అది ఉంటే ఆవిడది తప్పు, లేకపోతే మనది. నిబంధన నంబరు రాసి పంపు. వెంటనే.

నీ మేనకోడలు


వంతెన వీధి
ఆగస్టు 16

అమ్మడూ,

ఇక్కడ వానలు. కిటికీ పక్క గోడ చెమ్మ పట్టింది, మంచం ఇవతలికి జరుపుకున్నాను. మీ అత్తయ్య ఉన్నప్పుడు ఈ మంచం ఇంకో గోడకు ఉండేది. మోకాళ్ళకు కొత్త నూనె ఇచ్చారు. వాసన ఘాటు, ఫలితం సున్నా.

నువ్వడిగింది ఆఫీసు పద్ధతి. పాతవాళ్ళ నుంచి వచ్చింది. నంబరు నాకు గుర్తులేదు. ఆ ఆవిడా గుర్తులేదు, ముప్పై ఒక్క ఏళ్ళలో ఎంతమంది వచ్చారో లెక్కేముంది. గురువారం రమ్మన్నప్పుడు వచ్చి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

నీ ప్రణాళిక బాగా రాయి. నీకు నిద్ర సరిగ్గా లేదని చేతిరాత చెబుతోంది.

మామయ్య


మూలగది
ఆగస్టు 27

మామయ్యా,

నిబంధనల పుస్తకం దొరికింది. పద్నాలుగో నిబంధన: "విద్యార్థి కోరిన దినముననే అధికారి నమోదు చేసి, సంతకము తీసుకొనవలెను." కోరిన దినముననే. దాని కింద గీత గీసి ఉంది. ఆ గీత నీదే, స్కేలు పెట్టి గీశావు.

నేలమాళిగలో రెండు రోజులు కూర్చున్నాను. నీకు ముందున్నవాళ్ళ కార్డులన్నీ మొదటిరోజే ఇంకు. నీవి కూడా మొదటి పదిహేనేళ్ళు ఇంకే. అందులో కొట్టివేతలు కూడా ఉన్నాయి మామయ్యా, నేను తొమ్మిది చూశాను. పెన్సిల్ మొదలైంది ఇరవై రెండేళ్ళ కిందటి ఫిబ్రవరిలో. అత్తయ్య పోయింది ఆ జనవరిలో.

ఇంతకన్నా నన్ను రాయనివ్వకు. అది పద్ధతి కాదు, నువ్వు పెట్టుకున్నది. ఎందుకు పెట్టుకున్నావో నాకు అర్థమవుతోందని అనుకుంటున్నాను. కానీ నేను అనుకుంటే సర్టిఫికెట్ రాదు. ఆవిడ అడిగిందనీ, పెన్సిల్ రాత నీదేననీ, రెండోసారి రమ్మన్నది నిబంధన వల్ల కాదనీ సంతకంతో రాసి పంపితే డీన్ గారు అదే రోజు సర్టిఫికెట్ ఇస్తానన్నారు. కమిటీలో పైకి చదువుతారు. నీ ఫోటో కింది అట్ట సంగతి ఏమవుతుందో నీకు తెలుసు. నిన్ను మభ్యపెట్టి అడగడం నాకు ఇష్టం లేదు, అందుకే ముందే చెబుతున్నాను.

సెప్టెంబరు ఇరవై.

నీ మేనకోడలు


మూలగది
సెప్టెంబరు 14

మామయ్యా,

ఉత్తరం లేదు. పక్కింటివాళ్ళకు ఫోన్ చేశాను, బాగానే ఉన్నావన్నారు. బజారుకు వెళ్ళావట. అయితే తపాలా డబ్బా దాటే వెళ్ళి ఉంటావు.

ఆవిడ ఇన్నాళ్ళూ రోజూ ఫోన్ చేసి ఏమైనా తెలిసిందా అని అడిగేది. నిన్న అది కూడా అడగలేదు. మీకు ఇబ్బంది కలిగిస్తున్నానా అంది.

ఇంక నేనేం రాయను.


వంతెన వీధి
సెప్టెంబరు 22

అమ్మడూ,

దీనితో నా వాంగ్మూలం ఉంది. గడువు దాటిందని తెలుసు. దాన్ని రాసింది పన్నెండున. పది రోజులు బల్ల మీదే పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. డబ్బా వంతెన అవతలే ఉంది. మోకాళ్ళ మీదకు నెట్టను.

మీ అత్తయ్య పోయాక నేను ఇంట్లో మాట్లాడటం మానేశాను. ఎవరితో మాట్లాడతాను? ఆఫీసుకొస్తే కిటికీ దగ్గర ఒక్కొక్కరు రెండు నిమిషాలు. పేరు, సబ్జెక్టు, సంతకం, అయిపోయింది. ఒకరోజు ఇంకు అయిపోతే ఒకతన్ని గురువారం రమ్మన్నాను. వచ్చాడు. రెండోసారి వచ్చినవాడు తెలిసినవాడవుతాడమ్మా. కూర్చోమన్నాను, కూర్చున్నాడు, అరగంట మాట్లాడాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే దారి పొడవునా వాడి మాటలే నెమరేసుకున్నాను. మర్నాడు సీసా నిండా ఇంకు ఉంది. అయినా పెన్సిలే తీశాను.

అలా పదహారేళ్ళు. వెయ్యి మందికి పైగా మళ్ళీ వచ్చారు. రానివాళ్ళ కార్డులు ఒక పెట్టెలో వేసి, వస్తారులే అనుకునేవాణ్ణి. వాళ్ళు నష్టపోతారని ఆలోచించలేదు అంటే అబద్ధం. ఆలోచించాను. ఇంకుతో నేనే దిద్దేస్తే ఇక రారేమోనని ఆగాను. పదవీ విరమణ రోజున ఆ పెట్టె ముందు నిలబడ్డాను. మనుషులు దండలు పట్టుకుని పిలుస్తున్నారు. మూతపెట్టి వెళ్ళిపోయాను.

ఆ అమ్మాయి గుర్తులేదని రాశాను కదా. గుర్తుంది. చేతికి రసాయనం పడి రెండు వేళ్ళు పసుపుగా ఉన్నాయి. ఆ గురువారం సాయంత్రం ఐదు దాటేదాకా కిటికీ వెయ్యలేదు.

డీన్ గారిని పైకే చదవమను. ఫోటో తీసెయ్యమను.

ఇంకొక్క మాట. కోపం తెచ్చుకోకు. రెండేళ్ళుగా ప్రతిసారీ వచ్చే నెల వస్తానంటున్నావు. నిన్ను అనే హక్కు నాకు లేదు, ఆ విద్య నేర్పిందే నేను. కానీ ఎదురుచూడటం ఎలా ఉంటుందో నీకు తెలియాలని రాస్తున్నాను.

మామయ్య


మూలగది
అక్టోబరు 20

మామయ్యా,

ఇది నాలుగో కాగితం. మూడు చింపేశాను. మొదటిది నువ్వు చదివి ఉంటే ఇక నాకు రాసేవాడివి కాదు.

నీ వాంగ్మూలం ఇరవై ఐదున అందింది. డీన్ గారు పైకి చదవడం మొదలుపెట్టి, సగంలో ఆపి, మిగతాది లోపల చదువుకున్నారు. ఆ మధ్యాహ్నమే సర్టిఫికెట్ మీద సంతకం చేశారు. ల్యాబువాళ్ళకు నేనే ఫోన్ చేశాను. గడువుకు అందలేదండీ, పోస్టు ఇంకొకరికి ఇచ్చేశాం, అన్నారు. ఐదు రోజుల తేడా మామయ్యా. పన్నెండునే డబ్బాలో వేసి ఉంటే అందేది. ఇది రాయకుండా ఉండాలని చాలా ప్రయత్నించాను.

మిగతా రెండువందల పదకొండు మందికీ సర్టిఫికెట్లు సిద్ధమవుతున్నాయి. చిరునామాలు వెతికే పని నాది. సగం చిరునామాలు పాతవి. ఇద్దరు చనిపోయారు. ఒకాయన జవాబు రాశాడు, ఇప్పుడు దీన్ని ఏం చేసుకోను, గోడకు మేకు కూడా లేదు, అని.

ప్రణాళిక ముగిసింది. అడిగిన నిమిషమే నమోదు, రెండో మెట్టు లేదు. పేపర్లు పూర్తిచేసి అడగనివాళ్ళను కంప్యూటరే అడుగుతుంది, మీకు సర్టిఫికెట్ కావాలా అని. అమ్మే పిలిచి పెడుతోందన్నమాట, అన్నాను. డీన్ గారు కాదనలేదు. ఇంకొకటి కూడా పట్టుబట్టి చేర్పించాను. నీ కిటికీ తెరిపించాను. రెండు కుర్చీలు వేశాను. ఏం తీసుకోవాలో తోచనివాళ్ళు వచ్చి మాట్లాడొచ్చు, ఏ సంతకమూ అక్కర్లేదు. ఎవరొస్తారమ్మా, అన్నారు డీన్ గారు. మూడు వారాల్లో ఇద్దరు వచ్చారు. ఒకరు మెట్లెక్కడని అడిగారు. రెండో అమ్మాయి కూర్చుంది. ఇరవై నిమిషాలు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ నేనూ ఆ పిల్ల మాటలే నెమరేసుకున్నాను. నీ మీద కోపం అప్పుడు కొంత తగ్గింది, మొత్తం కాదు.

గోడలకు రంగు వెయ్యడానికి ఫోటో దించారు. రంగు ఆరింది. ఎవరూ మళ్ళీ పెట్టలేదు, నేనూ పెట్టలేదు. అది నా బీరువాలో ఉంది.

ఆవిడ నీ చిరునామా అడిగింది. నిన్ను అడక్కుండా ఇచ్చేశాను.

నవంబరు 29, శనివారం వస్తున్నాను. టికెట్ కొన్నాను.

నీ మేనకోడలు


వంతెన వీధి, పైగది
నవంబరు 20

అమ్మడూ,

ఆవిడ వచ్చింది. నిన్న, పదకొండింటికి.

తలుపు కొట్టడం వినపడలేదు. పక్కింటాయన వచ్చి కిటికీలోంచి చెయ్యి ఊపితే తెలిసింది. తలుపు తీసేసరికి నలభై దాటిన మనిషి, చేతిలో గొడుగు, ఇరవై రెండు మెట్లెక్కిన ఆయాసం. నేను వేళ్ళ వంక చూశాను. ఇప్పుడు నాలుగు పసుపుగా ఉన్నాయి. ఆవిడ నా చూపు గమనించి చెయ్యి కొంగులోకి లాక్కుంది.

కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే తిట్టింది. గట్టిగా తిట్టింది, అందువల్ల అన్నీ వినపడ్డాయి. పందొమ్మిదేళ్ళు తనకన్నా చిన్నవాళ్ళ కింద పనిచేశానంది. ఏటా కొత్తగా వచ్చినవాడికి నీళ్ళు పరీక్ష చెయ్యడం తనే నేర్పేదట, నేర్చుకున్నాక తను చేసిన పరీక్షల కింద వాడు సంతకం పెట్టేవాడట. సంతకం ఎగ్గొట్టి వెళ్ళిపోయినందుకు నాకు తగిన శాస్తే అనుకునేదాన్ని, అంది. నేను చేతులు జోడించాను. వద్దండీ, పెద్దవారు, అని మొహం తిప్పుకుంది.

కాసేపటికి సంచిలోంచి సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టింది. తడవకుండా రెండు కవర్లు చుట్టింది. మీరు గురువారం మళ్ళీ రమ్మన్నారు, వచ్చాను, అంది. నిన్న బుధవారమమ్మడూ. నేను దిద్దలేదు.

"చెప్పండి, ఎక్కడ సంతకం పెట్టాలి?"

"సంతకం అక్కర్లేదమ్మా. అప్పుడూ అక్కర్లేదు."

"మరి ఎందుకు రమ్మన్నారు?"

వాంగ్మూలంలో రాసినవన్నీ నోటిదాకా వచ్చాయి. ఏవీ పనికిరాలేదు.

"ఊరికే. కూర్చుంటారని."

ఆవిడ నా వంక చూసింది. కోపంగా చూసిందో జాలిగా చూసిందో నాకు తెలియలేదు, రెండూ నాకు తగినవే. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. నీ కోసం ఖాళీ చేసిన కుర్చీ అది. టీ పెట్టాను, పంచదార ఎక్కువైంది, తాగింది. గోడ చెమ్మ చూసి, ఇది వానది కాదు, లోపల గొట్టం కారుతోంది, ఎవరికైనా చూపించండి, అంది. వెళ్ళేముందు ఒక సీసాలో మా కుళాయి నీళ్ళు పట్టుకుంది. పరీక్ష చేస్తుందట.

గుమ్మం దాకా వెళ్ళాను. నాలుక చివరిదాకా వచ్చిన మాటను ఆపుకున్నాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఒక మనిషిని మళ్ళీ రండి అనకుండా పంపించాను. ఆవిడే మెట్ల మీద తిరిగి, వెళ్ళొస్తానండీ, అంది. అందరూ అనే మాటే అది. దాన్ని నేను ఎక్కడా రాసుకోలేదు, పెన్సిల్‌తో కూడా.

నువ్వు శనివారం వస్తున్నావు. బస్సు ఎన్నింటికో రాయలేదు. తలుపు కొడితే నాకు వినపడదు, అందుకని ఆ రోజు పొద్దున్నుంచీ గడియ వెయ్యను.

మామయ్య